ఒడిబియ్యం తెల్లారి

భూపాలపల్లి,
2-6-1969

అక్కా,

ముందు ఆ ఏడుపు ఆపు. నీ తమ్ముడు బతికే ఉన్నాడు, ఇద్దరి తిండి తింటున్నాడు. మేనల్లుడు సుమన్ చేత నువ్వు పంపిన మామిడికాయ తొక్కు చేరింది. ఇన్నాళ్ళూ పోలీసులకు దొరకని నేను నీ తొక్కు వాసనకు దొరికిపోయేటట్టున్నా.

ఇక్కడ అడవిలో బీడీలు చుట్టే తునికాకు కల్లం దగ్గర గుమాస్తానని చెప్పుకొని ఉంటున్నా. జనగామలో వకీలు శివప్రసాద్, భూపాలపల్లిలో బాలనర్సయ్య! ఆకు కట్ట కట్టడం చేతకాక అవస్థపడుతుంటే ఒక ముసలామె పట్టేసింది. "ఏంది సారూ, ఇవి ఆకు పట్టిన శేతులు గావు" అన్నది. నా పని అయిపోయిందనుకున్నా. ఆమె మాత్రం, "మాకెందుకు తియ్యి. తెలంగాణ వచ్చినంక గీ ఆకుకు జర రేటు పెంచున్రి, సాలు" అని తన పనిలో పడింది. అక్కా, నిజంగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనం ఎవరి కోసం కొట్లాడుతున్నామో ఆ ముసలామెకు తెలుసు.

సుమన్ మీద, నర్సింహులపేట దిక్కు తండా పిల్లవాడు బలరాం మీద కేసు రాశారని విన్నా. భయపడకు. జనగామ స్టేషన్‌లో గూడ్స్ షెడ్డు అంటుకున్ననాడు "నడువున్రి ముందుకు" అన్నది నేను, అగ్గి పెట్టమన్నది నేను. వాళ్ళు నా మాట విన్నారు, అంతే. కోర్టు పిలిచిననాడు బోనెక్కి ఈ మాట నేనే చెప్తా. నీ మీద ఒట్టు. కొడుకు చదువు చెడిందని బావ మూతి ముడుచుకున్నాడట కదా, చదువు ఎక్కడికీ పోదని చెప్పు.

దోమలకు దానం చేయగా మిగిలిన
నీ తమ్ముడు

మానుకోట,
11-6-1969

మహారాజశ్రీ గుమాస్తా బాలనర్సయ్యగారి సముఖానికి, అక్కలాంటి ఒక ఆడమనిషి రాసుకునేది:

వేషం కట్టినవాడికి వేషానికి తగ్గ మర్యాద చేయాలి కదా! నాయిన ఇంటికి పంతులును పిలిపించి నేర్పించిన తెలుగు నాది. "అవ్వా, నువ్వు రాస్తె పంతులమ్మవు, మాట్లాడితేనే మా అవ్వవు" అని సుమన్ వెక్కిరిస్తాడు.

మీ బావ దుకాణం తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువ. బస్తాల్లో ఉల్లిగడ్డలు మొలకలేశాయి. "నీ తమ్ముడు తెలంగాణ తెచ్చేటాల్లకు నేను ఉల్లితోట పెడ్త" అన్నాడు. నోరు అంతేగానీ, బంద్ అంటే బజారులో మొదట తలుపులేసేది చంద్రయ్యే అని మానుకోటంతా తెలుసు.

పిల్లలిద్దరినీ పట్టుకపోయి, జామీను మీద వదిలారు. పోలీసు స్టేషన్ బయట బలరాం తల్లి రామిని మొదటిసారి చూశాను. నా చేయి పట్టుకొని వదలలేదు. "అక్కా, నీ తమ్ముడు పెద్ద వకీలంట. నీ కొడుకు పేరుతోని మా పోరని పేరు గూడ యాది పెట్టుకోమను. మాకు ఎవ్వలు లేరు" అన్నది. నీ ఒట్టు సంగతి ఆమెకు చెప్పాను, నీ తరఫున నేనూ మాట ఇచ్చాను. సుమన్‌కైతే బెంగే లేదు. నీ ఒడిలో కూర్చొని పుట్టువెంట్రుకలు తీయించుకున్నవాడు కదా! "మామ అన్నడంటే అయిపోయినట్టే" అంటాడు. వాడి ధైర్యం చూసే నేను అన్నం తింటున్నా.

కాచి చల్లార్చిన నీళ్ళే తాగు. అడవి నీళ్ళు మంచివి కావు.

లీల

జనగామ,
21-3-1971

అక్కా,

గెలిచినం! పార్లమెంటు ఎన్నికల్లో మన తెలంగాణ సమితి గెలిచింది. ఊరేగింపులో కండువాలు వేసీ వేసీ మెడ పట్టేసింది, నీ మరదలు సంధ్య నూనె రాస్తూ తిడుతోంది. గూడ్స్ షెడ్డు ముందర జీపు ఆపించి, నేను మైకులోనే చెప్పాను: "ఈ కేసుల సుమన్ లేడు, బలరాం లేడు. ఉన్నది నేను!" అని. జనం కొట్టిన చప్పట్లకు ప్లాట్‌ఫారం మీద పావురాలన్నీ లేచిపోయాయి.

హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దలు నా ఉపన్యాసం విన్నారు. పాలక పక్షం వాళ్ళే అనుకో. "నీవంటివాడు అసెంబ్లీలో ఉండవలసినవాడు" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నా. అయినా మాట వినడానికి బాగానే ఉంది, అబద్ధమెందుకు!

బావను ఉల్లిగడ్డలకు కొత్త బస్తాలు కొనుక్కోమను. ఇక దుకాణం మూసే పని లేదు.

గెలిచినవాడు,
శివప్రసాద్

మానుకోట,
4-10-1971

తమ్ముడూ,

సమితిని పాలక పక్షంలో కలిపేశారని పేపరులో చదివాను. కలిసినవాళ్ళలో జనగామ శివప్రసాద్ అని ఒక పేరు ఉంది. జనగామలో ఆ పేరు గల వకీలు ఇంకొకాయన ఉన్నాడేమో అని మీ బావతో వాదించాను. "ఉన్నడు తియ్యి. నిన్నటిదాక ఒగడు, ఇయ్యాల్టి సంది ఇంకొగడు" అన్నాడాయన.

మీ బావ దుకాణానికి పోతే ఎదురు దుకాణం జగపతి ఊరుకుంటాడా? బంద్ అని ఒక్కనాడు తలుపు మూసినవాడు కాదు. "ఏం చంద్రయ్యా, మూసినోని దుకాణం మునిగె, మూయమన్నోని దుకాణం తెరిశె!" అన్నాడట. ఎన్నడూ ఎవరి మీదా చెయ్యెత్తని మీ బావ తక్కెడ రాయి ఎత్తాడు. నలుగురు అడ్డం పడి ఆపారు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాకు తెలుసు, నువ్వేదో ఎత్తు వేసి ఉంటావు. పిల్లల కేసులు తీయించడానికి వాళ్ళ గడప తొక్కావు, పని కాగానే వస్తావు. అడిగినవాళ్ళందరికీ అదే చెప్తున్నా. సుమన్ కూడా "మామకు ఏదో లెక్క ఉంటది" అంటున్నాడు, కానీ మునుపటిలా నవ్వుతూ అనడం లేదు. ఒక్క ముక్క రాయి తమ్ముడూ, వాడికి చూపిస్తా.

నీ రాత కోసం చూస్తూ,
లీలక్క

జనగామ,
17-10-1971

ప్రియమైన అక్కయ్యకు,

అందరిలోకీ నువ్వొక్కదానివే నన్ను సరిగ్గా అర్థం చేసుకున్నావు. బయట నిలబడి అరిస్తే గొంతు పోతుంది గానీ పని కాదు. లోపల ఉండి సాధించుకోవాలి. ఆవేశాలకు కాలం తీరింది, ఇక అభివృద్ధి గురించి ఆలోచించాలి. పెద్దలు కూడా ఇదే అంటున్నారు. మన ప్రాంతానికి పదవులు వస్తాయి, మన ఉద్యోగాలకు రక్షణలు వస్తాయి. రాష్ట్రం అనేది ఒక మాట, అక్కయ్యా. మాట కంటే మేలు ముఖ్యం కదా.

కేసుల విషయం మొదటి రోజే ఎత్తాను. నా మీద ఉన్నవి తీసేశారు. మిగతావి వరుసలో ఉన్నాయి. సుమన్‌ను తొందరపడవద్దని, ఎక్కడా ఏమీ మాట్లాడవద్దని చెప్పు. బావగారిని జగపతితో సర్దుకుపొమ్మను. ఆయన మన పక్షానికి విరాళం ఇచ్చే మనిషి.

భవదీయుడు,
శివప్రసాద్

మానుకోట,
20-12-1971

తమ్ముడూ,

నీకు జ్వరం తగ్గిందా? ముందు అది రాయి.

వాయిదానాడు నేను, మీ బావ, రామి, ఆమె పెనిమిటి చత్రు చీకటితో బయలుదేరి వరంగల్ కోర్టుకు పోయాము. యుద్ధం ఆగిందని స్టేషన్‌లో బూందీ పంచుతున్నారు. మన పిల్లల కోసమే పంచుతున్నట్టు రామి కొంగులో మూట కట్టుకుంది. కోర్టులో బంట్రోతు నీ పేరు పిలిచినప్పుడల్లా సుమన్ తలుపువైపు తిరిగి చూశాడు. చివరికి నీ జూనియర్ లేచి, విషజ్వరమని డాక్టరు కాగితం చూపించాడు. సాక్షికి ఇదే ఆఖరి అవకాశమని జడ్జిగారు ఫిబ్రవరి ఏడుకు వాయిదా వేశారు.

జ్వరమనగానే నా కంటే ముందు కంగారుపడింది రామి. "అయ్యో, గాయన పానం బాగుంటెనే గద మన పోరగాండ్లు బయటపడేది" అని, మర్నాడే తండా నుంచి ఏదో వేరు తెచ్చి ఇచ్చింది. దానికి శొంఠి, మిరియాలు కలిపి దంచి, జనగామ పోయే మనిషితో పంపాను. అతను పొట్లం తిరిగి తెచ్చాడు. "సారు ఢిల్లీ పోయిండు, మందెవలికి?" అన్నదట సంధ్య.

ఒళ్ళు కాలిపోతున్నవాడు ఢిల్లీకి ఎలా పోతాడు? సంధ్య నోరు జారి ఇంకేదో అనబోయి అలా అన్నదేమో. నాకు నిజం రాయి. కోపం చేయను.

పొట్లం దాచి ఉంచాను,
లీలక్క

జనగామ,
23-1-1972

అక్కా,

ఢిల్లీ పోయింది నిజమే, జ్వరమూ నిజమే. అక్కడి చలికి వచ్చింది. ఇందులో అనుమానించడానికి ఏముంది? పిల్లల కేసు పనిమీద కూడా ఇద్దరు పెద్దలను కలిశాను.

అది అలా ఉంచు. నీకు ఒడిబియ్యం పోసి అయిదేళ్ళు దాటిపోయింది. అవ్వ పోయాక నీకు పుట్టిల్లంటే నేనే కదా! మొన్న అవ్వ కలలోకి వచ్చి "బిడ్డ ఒడి ఎండబెట్టినవేందిరా" అన్నది. సంధ్య చీర కొని పెట్టింది. ఫిబ్రవరి ఆరున ముహూర్తం బాగుంది. కోర్టు వాయిదా ఏడునే కదా. ఒడిబియ్యం పోసిన తెల్లారి ఇద్దరం ఒక్క జీపులోనే వరంగల్ పోదాం. బోనెక్కి నా ఒట్టు నేను తీర్చుకుంటా. నువ్వు పక్కన ఉంటే నాకూ ధైర్యం.

బావను కూడా తీసుకొనిరా. రాకపోతే నువ్వైనా తప్పకుండా రావాలి.

నీ తమ్ముడు
ప్రసాద్

మానుకోట,
12-2-1972

శివప్రసాద్‌కు,

నీ ఉత్తరం రాగానే నేను ఇల్లంతా తిరిగి నవ్వాను. "చూసిన్రా, నా తమ్ముడు నా తమ్ముడే" అని మీ బావను సాధించాను. ఆయన కదల్లేదు. "ఒడిబియ్యం పోసేటోడు పోస్తడు. నువ్వు పో. నాకు ఆ గడపల పని లేదు" అన్నాడు. సుమన్ మాత్రం బస్సు దాకా వచ్చి, "మామను మంచిగ నిద్ర పొమ్మను, పొద్దున మాట్లాడాలె గద" అన్నాడు.

అంతా బాగానే జరిగింది. పీట వేశారు, కొత్త చీర కట్టించారు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకలు, రవికెగుడ్డ, నువ్వూ సంధ్యా దోసిళ్ళతో పోస్తుంటే నాకు అవ్వ చేతులే కనిపించాయి. ఒడి బరువై వంగిపోయాను. అప్పుడు జీపులు ఆగాయి.

ఎవరెవరో పెద్దలు. కెమెరా పట్టుకొని ఒకడు. నువ్వు చేతులు కట్టుకొని నిలబడ్డావు. అందులో ఒకాయన నన్ను చూపించి మాట్లాడాడు. "కేసులో ఇరుక్కున్న పిల్లవాని తల్లి ఈమె. పిల్లలు తెలియక చేసిన తప్పు అని ఒప్పుకొని, అడ్డం పోయి ఆపజూసిన తమ్ముడినే ఈ తల్లి దీవిస్తున్నది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు తల దించుకొని నా కాళ్ళకు మొక్కావు. ఫోటో తీశారు.

కాదు అనాలి నేను. అది అబద్ధం, ఆ అగ్గి పెట్టమన్నది వీడే, అని లేచి అరవాలి. లేవలేదు. ఒడి నిండిన ఆడబిడ్డ కోపం చేయరాదు, కన్నీరు పెట్టరాదు, గింజ కింద రాలరాదు, రాలితే పుట్టింటికి కీడు అని అవ్వ మనకు చెప్పింది. నీకు కీడు జరుగుతుందని భయపడి ఊరుకున్నానురా! పైగా లేచి పోయేముందు, ఆచారమని, అయిదు పిడికిళ్ళ బియ్యం నీ దేవుడింట్లో పోసి నీ ఇల్లు చల్లగా ఉండాలని మొక్కాను. నేను నోరు విప్పనని నీకు తెలుసు. తెలిసే ఆ గడియకు వాళ్ళను పిలిచావు.

తెల్లారి లేచేసరికి నీ జీపు లేదు. "నామినేషన్ పనిమీద హైద్రాబాద్ పోయిన్రు వదినా" అని సంధ్య గోడతో చెప్పినట్టు చెప్పింది. బియ్యం మూట నెత్తిన పెట్టుకొని బస్సెక్కి వరంగల్ పోయాను. కోర్టు వరండాలో సుమన్ చేతిలో అప్పటికే పేపరు ఉంది. నన్ను చూశాడు, ఫోటో చూశాడు. "అవ్వా, మామ నీకు ఏం ఆశ పెట్టిండు?" అన్నాడు. చెప్పబోతే వినలేదు. నిన్న తీర్పు వచ్చింది. ఇద్దరికీ రెండేళ్ళు. రామి ఏడ్చింది. నాకు ఏడ్చే మొహం కూడా లేకుండా చేశావు.

లీల

జనగామ,
15-3-1972

అక్కయ్యా,

ఎన్నికల్లో గెలిచిన సంగతి తెలిసే ఉంటుంది. వేలమంది వచ్చి దండలు వేశారు, నీ దగ్గరి నుంచి ఒక కార్డు కూడా రాలేదు.

నువ్వు నన్ను అపార్థం చేసుకున్నావు. ఆనాడు పెద్దలు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. ఇంటికి వచ్చినవాళ్ళను పొమ్మనగలనా? ఇక బోను సంగతి. నేను బోనెక్కి నేరం నాది అంటే నాకు టికెట్టు ఉండేదా? నేనే లేకపోతే రేపు పిల్లలకు దిక్కెవరు? కొంచెం చల్లగా ఆలోచించు. మంత్రివర్గంలో చోటు దొరికేటట్టు ఉంది. అప్పుడు క్షమాభిక్ష తేలిక. సుమన్ ఒక్క కాగితం రాసి ఇవ్వాలి. బలరాం మాటలు విని తెలియక చేశానని రాస్తే చాలు. తండా పిల్లవాడికి దానివల్ల కొత్తగా పోయేది ఏమీ లేదు. నువ్వు తల్లివి, నువ్వు చెప్తే వింటాడు.

ఇది రాస్తున్నప్పుడు నాకూ బాధగానే ఉంది. రాజకీయం అంటే తెలియనివాళ్ళకు చెప్పడం కష్టం.

శివప్రసాద్

మానుకోట,
9-4-1972

తమ్ముడూ,

మళ్ళీ ఇలా పిలుస్తాననుకోలేదు. అవసరం నాది.

నీ కాగితం సంగతి సుమన్‌కు చెప్పలేదు. చెప్పడానికి వాడు నాకు కనబడాలి కదా. ములాఖాత్ అని నేను, రామి జైలుకు పోతూనే ఉన్నాము. ఇద్దరం పేర్లు చెప్తాము. రామిని పిలుస్తారు. నన్ను పిలవరు. వాళ్ళు ఆపడం లేదు, వాడే రానంటున్నాడు. నేను గేటు బయట వేపచెట్టు కింద కూర్చొని రామి సంచికి కాపలా ఉంటాను.

పోయినసారి రామితో చెప్పి పంపాను. "మీ అవ్వకు ఏం తెల్వదట బిడ్డా, ఒడిల బియ్యం ఉండంగ లేవరాదని ఊకున్నదట అని చెప్పు" అన్నాను. రామి పాపం అక్షరం పొల్లుపోకుండా చెప్పిందట.  విని వాడు, "బియ్యం కోసం ఊకున్నదా, తమ్ముని కోసం ఊకున్నదా, అడుగు పిన్నీ" అన్నాడట. రామి బయటికి వచ్చి నన్ను అడగలేక అడగలేక అడిగింది. నేను ఆమె సంచి ఆమెకు అందించాను. రామి నా పక్కన కూర్చొని తన కొంగుతో నా మొహం తుడిచింది. నీ కాగితం ఎవరి కొడుకును ముంచమంటున్నదో ఆ మనిషే, తమ్ముడూ.

ఆ బియ్యం వండలేదు. వండితే అయినవాళ్ళంతా కూర్చొని తినాలి. మీ బావ ముట్టనన్నాడు. కొడుకు జైల్లో ఉన్నాడు. తమ్ముడిని పిలవాలంటే నోరు రావడం లేదు. మూట అలాగే ఉంది, పురుగు పడుతోంది. పారేయరాదు, అమ్మరాదు. రోజూ పొద్దున దాన్ని చూస్తూ పొయ్యి వెలిగిస్తున్నా.

నువ్వు ఉపమంత్రివి అయ్యావట. నేను అడిగేది పెద్దది కాదు. పిల్లలను విడిపించమని అడగను, నువ్వు విడిపించవు. కోర్టుకు పోలేదు, సరే. జైలు గేటు దాకా ఒక్కసారి రా. మంత్రి వస్తే సుమన్ కాదన్నా ఎదురుగా నిలబెడతారు. వాడి ముందర నిలబడి, "మీ అవ్వకు ఆనాడు ఏం తెల్వదురా, నేనే మోసం చేసిన" అని ఒక్క మాట చెప్పు. నేను చెప్తే వాడు నమ్మడం లేదు. నిజం తెలిసినవాడివి లోకంలో నువ్వు ఒక్కడివే. నిన్ను నేను ఎన్నడూ ఏదీ అడగలేదు. నా కొడుకు నా మొహం చూస్తే నాకు చాలు.

మనిషిని పంపకు. నువ్వే రా.

లీలక్క

హైదరాబాద్,
2-5-1972

శ్రీమతి లీల గారికి,

మానుకోట కాపురస్తులైన మీరు గౌరవనీయ ఉపమంత్రివర్యులకు వ్రాసుకొన్న 9-4-1972 తేదీగల అర్జీ ఈ కార్యాలయమునకు చేరినది. అందు మీరు కోరిన విషయము, అనగా ఖైదీ సుమన్‌కు తల్లి నిర్దోషి అని తెలియజేయుట, జైళ్ళ శాఖ పరిధిలోనిది అగుటచే, మీ అర్జీని తగు చర్య నిమిత్తము ఆ శాఖకు పంపడమైనది. ఇకమీదట ఉత్తర ప్రత్యుత్తరములు ఆ శాఖతోనే జరుపవలెను.

గౌరవనీయ ఉపమంత్రివర్యులు రాష్ట్రములోని మహిళలందరినీ తమ సొంత అక్కచెల్లెళ్ళుగా భావింతురని తెలియజేయుటకు సంతోషించుచున్నాము.

ఇట్లు,
వ్యక్తిగత కార్యదర్శి
(ఉపమంత్రివర్యుల తరఫున)